సగానికి స్తోత్రం

ఫెబా పుదీనా ఆకులు తుంచుతోంది. రెండు కట్టలు అయిపోయాయి, బుట్టలో ఇంకా చాలానే ఉంది. వంటింటి గడప మీద కూర్చుంటే ఒక చెవికి హాల్లో మావయ్య మాట, ఇంకో చెవికి పొయ్యి దగ్గర అత్తయ్య మాట వినిపిస్తాయి. పొద్దుటి నుంచీ వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు. ఇద్దరూ ఫెబాతోనే మాట్లాడుతున్నారు.

"ఫెబా, మీ మావయ్యకి చెప్పు. పాస్టరుగారు వాక్యం సిద్ధం చేసేసుకున్నారు. ఇప్పుడు మార్చమని నేను ఫోను చెయ్యను."

"అమ్మా ఫెబా, మీ అత్తయ్యని అడుగు. ఆ వాక్యం మనవాళ్ళు ఎక్కడ చదువుతారో ఆవిడకి తెలుసా, తెలియదా?"

"చర్చిలో చదువుతారని చెప్పు."

"సమాధుల తోటలో చదువుతారని చెప్పు! పెట్టె గోతిలోకి దింపుతూ, పాపం ఈయన పరుగు అయిపోయింది అని చదివే వాక్యం అది. బతికున్న మనిషిని కొత్త చొక్కా వేయించి కూర్చోబెట్టి, ఎదురుగా చదివిస్తుందట మీ అత్తయ్య!"

ఫెబాకి నవ్వు వచ్చింది. పుదీనా వాసన చూస్తున్నట్టు బుట్టలోకి తల వంచేసింది.

"పరుగు అయిందా లేదా? అయితే అయిందనే చదువుతారు," అంది అత్తయ్య ఫిలోమినా, గరిటె గిన్నె అంచుకి కొట్టి.

హాల్లోంచి జవాబు రాలేదు. ఆ జవాబు ఎందుకు రాలేదో ఇంట్లో ఫెబా ఒక్కదానికే తెలుసు.

పోయిన ఆదివారం మావయ్య శాంతరాజు హాఫ్ మారథాన్ పరిగెత్తాడు. అరవైకి దగ్గర పడుతున్న మనిషి, జీవితమంతా ఫిల్మ్ నగర్ డబ్బింగ్ థియేటర్లలో చీకటిగదిలో కూర్చుని శబ్దం రికార్డు చేసిన మనిషి, మెడలో మెడల్‌తో నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. క్షేమంగా వస్తే ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టిస్తానని ఫిలోమినా మొక్కుకుంది. ఆ కూడిక ఇవాళ సాయంత్రం.

కానీ ఆ పరుగు ఒట్టి ప్రాక్టీసు. అసలు పరుగు ఇంకా నెలన్నరకి ఉంది, దీనికి రెట్టింపు దూరం. ఫెబా ఒకరోజు చీకటితో రాగిజావ కాస్తుంటే శాంతరాజు వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించి చెప్పాడు. "మీ అత్తయ్యకి నేనే నెమ్మదిగా చెప్తానమ్మా. ముందు ఇది కానీ."

వారం పొడుగునా ఆయన నెమ్మదిగా చెబుదామని చూశాడు. ఆయన నోరు తెరిచేసరికి ఫిలోమినా ఇంకో నాలుగిళ్ళవాళ్ళని కూడికకి పిలిచేసి ఉండేది.

తెనాలి పక్క పల్లెటూళ్ళో పుట్టి పెరిగిన ఫెబా ఈ ఇంటికి కోడలై ఇంకా ఏడాది కాలేదు. భర్త థామస్ అసిస్టెంట్ కెమెరామన్. షూటింగంటూ అరకు వెళ్ళి, అక్కడ వానలు తగ్గక ఇరుక్కుపోయాడు. అందుకని ఈ ముసలి దంపతుల మధ్య రాయబారం ఆమెకే పడింది. ఆ రాయబారంలో తన దగ్గరే ఒక రహస్యం ఉండటం ఆమెకి మింగుడు పడటం లేదు.

మెట్ల మీద ధన్ ధన్ మని ఏదో తగిలిన చప్పుడైంది.

"వదినా! తలుపు పూర్తిగ తెరువుండ్రి!"

ఇంటి ఓనరు వీరభద్రం. కింది వాటాలో ఉంటాడు. సినిమా షూటింగులకి సామాను అద్దెకిచ్చే వ్యాపారం. శాంతరాజుకి పరుగు అంటించింది ఆయనే. వెనక ఇద్దరు మనుషులు పొడుగాటి నల్ల బెంచీ మోసుకొచ్చారు.

"కుర్చీలన్నీ పెండ్లి సీనుకు పోయినయ్ వదినా. కోర్టు బెంచీలు తెచ్చిన. జర సర్దుకోవాలె."

ఫిలోమినా చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. "ప్రార్థన కూడికకి కోర్టు బెంచీలా?"

"మస్తు గట్టివి. జడ్జి కుర్చీ గూడ తెచ్చిన, పాస్టరుగారికి. బోను ఒక్కటి తేలే, వ్యాన్ల పట్టలే." నవ్వుతూ రెండడుగులు వేసి మోకాలు పట్టుకున్నాడు.

"ఇంకా తగ్గలేదా భద్రంగారూ ఆ కాలు?"

"యాడ తగ్గుతది వదినా? నాది నేనే చేస్కున్న. మా కోచ్ నవత మేడం లక్షసార్లు చెప్పింది. ఇది రేసు లెక్క ఉరకొద్దు, మంచిగ ఆపుకొని ఉరకుండ్రి, ఇది ఉత్త ప్రాక్టీసే అని. నేను ఇనలే. పక్కోడు దాటిపోతుంటె పానం ఆగలే. ఉరికిన. ఇగ గిట్ల కుంటుతున్న." బెంచీ మీద కూలబడి శాంతరాజు వైపు చెయ్యి చూపించాడు. "అన్నను జూడుండ్రి! ఎంత నిమ్మలంగ వచ్చిండు! చీర కట్టుకున్న ఒక పెద్దమ్మ దాటిపోయింది, అయినా గమ్మునున్నడు. అట్లుండాలె. పెద్దదాంట్ల నన్ను ఎప్పుడో దాటిపోతడు."

శాంతరాజు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. అక్కడ చూడటానికి ఏమీ లేదు, ఎదురింటి నీళ్ళ ట్యాంకు తప్ప.

"పెద్దదాంట్లో అంటే?" అంది ఫిలోమినా.

"గదే వదినా, ఫుల్లు. ఇంక నెలన్నరనే గద..." వీరభద్రం ఆగిపోయాడు. ఆమె ముఖం చూశాడు. శాంతరాజు వీపు చూశాడు. పుదీనా బుట్టని గుండెకి హత్తుకున్న ఫెబాని చూశాడు. "చెప్పలేదా అన్నా?"

శాంతరాజు ఇటు తిరగలేదు.

"వ్యాను రోడ్డుకు అడ్డమున్నది," అంటూ వీరభద్రం లేచాడు. కుంటికాలితోనే మెట్లు చరచరా దిగిపోయాడు.

ఫిలోమినా బెంచీ వైపు చెయ్యి చూపించింది. "కూర్చోండి."

ఆమె వెంగళరావు నగర్ బడిలో లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైంది. ఆ గొంతు వింటే ఇప్పటికీ ఎవరికైనా కూర్చోవాలనే అనిపిస్తుంది. శాంతరాజు కోర్టు బెంచీ చివర ఒదిగి కూర్చున్నాడు.

"ఆపుకుని పరిగెత్తారా?"

"ఆపుకోమన్నారు ఫిలో. పెద్ద పరుగులో ఏ వేగంతో వెళ్ళాలో ఇప్పుడూ ఆ వేగంతోనే వెళ్ళాలి. అదే ప్రాక్టీసంటే. ఇప్పుడే బలమంతా ఊడ్చేస్తే అప్పటికి ఒంట్లో..."

"నేను పరుగు ముగిసే గీత దగ్గర నిలబడ్డాను. చీకటితో వెళ్ళి నిలబడ్డాను. కుర్రాళ్ళంతా వచ్చేశారు. పెద్దవాళ్ళూ వచ్చేశారు. మీరు రారు. ఎప్పటికో మలుపులో కనిపించారు, పెళ్ళి ఊరేగింపు వెనక నడిచేవాళ్ళలా మెల్లి మెల్లిగా. ప్రభువా, ఈయన కాళ్ళు పోయాయి, ఊపిరి పోతోంది, ఇంకో నాలుగడుగులు పడనియ్యి అని అక్కడే ఏడ్చేశాను. ఎవరో తెలియని పిల్ల నా భుజం పట్టుకుని నీళ్ళు తాగించింది. నేను అట్లా ఏడుస్తుంటే మీరు ఆపుకుంటున్నారా?"

"నువ్వు ఏడుస్తున్నావని నాకేం తెలుసే? నవ్వుతూ చెయ్యి కూడా ఊపాను కదా!"

"ఆ నవ్వు చూసే ఇంకా ఏడ్చాను. అదే ఆఖరి నవ్వేమోనని!"

ఫెబా పక్కున నవ్వేసింది. ఎంత ఆపుకుందామన్నా ఆగలేదు. ఫిలోమినా గిరుక్కున తిరిగింది.

"నీకు తెలుసు కదూ?"

ఫెబా నవ్వు ఆగిపోయింది. అబద్ధం ఆడటం ఆమెకి రాదు. తల ఊపింది.

ఫిలోమినా కోడలి చేతిలోంచి పుదీనా బుట్ట తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ తీసుకోవడం కూడా మెత్తగానే తీసుకుంది. తిట్టినా బాగుండేదనిపించింది ఫెబాకి.

కాసేపాగి ఫెబా వెనకే వెళ్ళింది. ఫిలోమినా ఆకులు తుంచుతోంది. ముదురు కాడలు కూడా ఆకుల్లో పడిపోతున్నాయి. ఫెబా పక్కన కూర్చుని ఆ కాడలు ఏరడం మొదలుపెట్టింది.

"కోపమా అత్తయ్యా?"

"నీ మీద కాదులే. నువ్వేం చేస్తావు, ఆయన మాట పుచ్చుకుంటే కట్టుబడాలి." ఒక కాడ విరిచింది. "నేను దేవుడితో ఏమన్నానో తెలుసా? ఈ ఒక్కటీ అన్నాను. ఈ ఒక్క పరుగూ క్షేమంగా ముగించి ఇంటికి చేర్చు, ఇంక దీని గురించి నిన్ను విసిగించను అన్నాను. ఆయన తన మాట నిలబెట్టుకున్నాడు. ఇప్పుడు మళ్ళీ మోకాళ్ళ మీదికి వెళ్ళి, అది సగమేనటయ్యా, మిగతా సగం కూడా కాస్త చూసుకో అని ఏ మొహం పెట్టుకుని అడగను?"

"దేవుడికి తెలియదా అత్తయ్యా, అది సగమేనని?"

"ఆయనకి తెలుసు. నాకే తెలియదు. తెలియకుండా నా చేత మొక్కించారు మీ మావయ్య."

పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. ఫిలోమినా వాటి వైపే చూస్తూ అంది. "మైఖేల్ బావగారు పోయినప్పుడు ఆయనకీ సరిగ్గా ఈయన వయసే. పాల పేకెట్ తెస్తానని దిగారు. మూడో మెట్టు మీద కూర్చున్నట్టు కూర్చుని వెళ్ళిపోయారు. సొంత అన్నగారు కదా, ఒకటే రక్తం. ఈయన ఇక్కణ్ణుంచి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా ఎత్తు ఎక్కి పరిగెడుతున్నారంటే నా కళ్ళ ముందు ఆ మూడో మెట్టే ఉంటుంది."

ఫెబా ఆమె చేతి మీద చెయ్యి వేసింది. రెండు చేతులకీ పుదీనా పసరు.

గుమ్మంలో శాంతరాజు నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో.

"అన్నయ్య పోయాకే డాక్టరు దగ్గరికి వెళ్ళాను ఫిలో. అన్ని పరీక్షలూ చేయించుకున్నాను. నువ్వూ ఉన్నావుగా."

"ఉన్నాను."

"పరిగెత్తమన్నది ఆయనే."

"నడవమన్నారు. పరిగెత్తమన్నది భద్రంగారు."

శాంతరాజు నవ్వబోయి మానుకున్నాడు. గుమ్మానికి ఆనుకుని, చెప్పాలా వద్దా అన్నట్టు చేతులు నలుపుకున్నాడు. "సినిమాలో హీరో పరిగెత్తితే, ఆ ఆయాసం తర్వాత మా దగ్గర పెట్టేవాళ్ళం. ఏసీ గదిలో, మైకు ముందు ఒకడు నిలబడి, హా హా అని ఊపిరి తీసేవాడు. నేను కుర్చీలో కూర్చుని, ఇంకాస్త ఎక్కువ, ఇంకాస్త తక్కువ అనేవాణ్ణి. ముప్పై ఏళ్ళు ఆ పనే. సొంత ఊపిరి ఎట్లా ఉంటుందో నాకు మొన్నమొన్నటిదాకా తెలియదే. ఆ మధ్య లోటస్ పాండ్ దగ్గర ఎత్తు ఎక్కుతూ మొదటిసారి విన్నాను. భలే ఉంది."

ఫిలోమినా పొయ్యి మంట తగ్గించింది.

"వద్దంటే మానేస్తా. నువ్వు చెప్పు," అన్నాడాయన.

ఆమె వద్దనలేదు. సరే అనలేదు. నీళ్ళలో ఉప్పు వేసి, గరిటెతో చుక్క తీసి కోడలి అరచేతిలో పోసింది. "ఉప్పు చూడు ఫెబా."

శాంతరాజు ఇంకాసేపు నిలబడి, హాల్లోకి వెళ్ళి బెంచీలు సర్దుకున్నాడు.

సాయంత్రానికి ఇల్లు నిండిపోయింది. ఆడవాళ్ళంతా కోర్టు బెంచీల మీద వరసగా కూర్చుంటే చర్చిలో కూర్చున్నట్టు లేదు, తీర్పు కోసం ఎదురుచూస్తున్నట్టు ఉంది. పాస్టరుగారు జడ్జి కుర్చీలో కూర్చోవడానికి మొహమాటపడి, చివరికి అంచు మీద కూర్చున్నారు. శేషారత్నం పిన్నిగారు మెడల్‌ని చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, "బంగారం కాదుటమ్మా," అని పక్కావిడకి చెప్పింది.

"ఏం శాంతరాజన్నయ్యా, ఈ వయసులో ఎవరి వెంట పడి పరిగెత్తారు?" అంది ఇంకొకావిడ.

"ఎవరి వెంటా పడలేదమ్మా. అందరూ నన్ను దాటిపోయారు."

నవ్వులు. ఫిలోమినా కూడా నవ్వింది, పెదవులతో మాత్రం.

పాస్టరుగారు ఆ వాక్యమే చదివారు. ఫెబా అత్తయ్య వైపు చూసింది. పరుగు ముగిసిందన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఫిలోమినా చేతిలోని రుమాలు ముద్దగా నలిగిపోయింది. మూడో మెట్టే చూస్తోంది కాబోలు అనుకుంది ఫెబా. ఆ వాక్యం ఎక్కడ చదువుతారో ఆమెకి పొద్దున తెలియక కాదు. మావయ్య అన్నాక ఇప్పుడే అది నిజంగా వినబడింది.

"ఇప్పుడు మన సహోదరుడు శాంతరాజుగారు సాక్ష్యం చెప్తారు," అన్నారు పాస్టరుగారు.

శాంతరాజు లేచాడు. కొత్త చొక్కా మడతలు ఇంకా విడలేదు. అందరికీ వందనాలు చెప్పాడు. వాన పడ్డ రోజులూ, కాలు పట్టేసిన రోజులూ, చీకటితో జావ కాచి ఇచ్చిన కోడలూ, అన్నీ చెప్పాడు. గీత దగ్గర తన భార్య నిలబడి ఉండటం చెప్పాడు.

"ఆవిడ నా కోసం ప్రార్థన చేసింది. దేవుడు విన్నాడు. ఇచ్చిన మాట మా ఆవిడ ఇవాళ నెరవేర్చింది." అక్కడ ఆగాడు. ఫెబా తలెత్తి ఆయన మొహం చూసింది. "నాకు ఇంకో పరుగు పరిగెత్తాలని ఆశ ఉండేది. అది వదిలేసుకుంటున్నాను. ఇంతటితో చాలు. ఇక పరిగెత్తను. ఇది మీ అందరి ముందూ చెప్తున్నాను."

"ఆమెన్," అన్నారందరూ.

ఫిలోమినా పెదవులు కదలలేదు.

బిర్యానీ బాగుందన్నారు. ఇంకోసారి పెట్టించుకున్నారు. డబ్బాల్లో పట్టుకెళ్ళారు. కిందనుంచి వీరభద్రం మాత్రం భోజనానికి రాలేదు, భయపడి ఒక ఖాళీ గిన్నె పంపించాడు. దాన్నిండా వడ్డించి పైన గుడ్డు కూడా పెట్టి పంపింది ఫిలోమినా.

అందరూ వెళ్ళాక శాంతరాజు బెంచీలు గోడవారకి జరుపుతున్నాడు. ఫిలోమినా రెండో కొస పట్టుకుంది.

"నేను వద్దనలేదు."

"అనలేదు."

"మరెందుకు అందరి ముందూ అట్లా అన్నారు?"

"దేవుడి దగ్గర నీ మాట చెడకూడదు కదే."

"సాక్ష్యంలో అబద్ధం చెప్పకూడదు."

"అబద్ధమేముంది? మానేస్తానన్నాను, మానేస్తాను."

"ఆశ వదిలేసుకుంటున్నానన్నారు. వదిలేసుకున్నారా?"

శాంతరాజు బెంచీ కింద పెట్టాడు. "పడుకుని లేస్తే అదే పోతుందిలే," అన్నాడు నవ్వుతూ. ఫిలోమినా మంచినీళ్ళ చెంబు తీసుకుని గదిలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆదివారం. తెల్లవారుజామున ఫెబాకి మెలకువ వచ్చింది. ఏ చప్పుడూ లేకపోవడం వల్ల వచ్చింది. ప్రతి ఆదివారం ఈపాటికి మావయ్య ఫోను మోగేది, తలుపు గడియ చప్పుడయ్యేది, తను లేచి జావ కాచేది. దూరం ఎక్కువ పరిగెత్తే రోజు ఇదే. ఎండ రాకముందే జూబ్లీహిల్స్ రోడ్లన్నీ చుట్టి, స్నానం చేసి, చర్చికి అందరికంటే ముందే తయారయ్యేవాడు.

హాల్లో దీపం వెలుగుతోంది. ఫెబా వెళ్ళి చూసింది.

ఫిలోమినా జావ కాచి, గ్లాసులో పోసి, పైన మూత పెట్టి, బల్ల మీద ఉంచింది. తల దువ్వుకుని, చర్చికి కట్టుకునే చీర కాకుండా మామూలు నూలు చీర కట్టుకుంది. పడగ్గది తలుపు దగ్గర నిలబడి లోపలికి చూస్తోంది.

ఫెబా ఆమె భుజం మీదుగా చూసింది. శాంతరాజు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. అంత గట్టిగా మూసుకుని ఎవరూ నిద్రపోరు. దుప్పటి కింద పాదం ఒకటి కదులుతోంది, ఆగుతోంది, మళ్ళీ కదులుతోంది.

కిందనుంచి కారు హారన్ సన్నగా మోగింది. వీరభద్రం. కాలు బాగాలేక తను పరిగెత్తలేకపోయినా, వెనకే కారులో నీళ్ళూ అరటిపళ్ళూ పట్టుకుని వస్తానని మాటిచ్చాడు. సాక్ష్యం సంగతి ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఫెబా గబగబా బాల్కనీలోకి వెళ్ళి, రావట్లేదని చెయ్యి ఊపబోయింది.

ఫిలోమినా ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

తర్వాత గుమ్మం దగ్గరికి నడిచింది. చెప్పుల అలమరలో శాంతరాజు పరుగు బూట్లు ఉన్నాయి. నిన్న ఎవరికీ కనబడకూడదని లోపలి అరలోకి తోసేసి ఉన్నాయి. వాటిని వంగి తీసింది. లేసులు చిక్కుపడి ఉంటే, నిలబడే, ఓపిగ్గా విడదీసింది. లోపల మడిచి ఉన్న మేజోళ్ళు తీసి విదిలించి మళ్ళీ లోపలే పెట్టింది.

"అత్తయ్యా," అంది ఫెబా. "మావయ్య అందరి ముందూ చెప్పేశారు కదా. పాస్టరుగారు..."

ఫిలోమినా తలెత్తి చూసింది. ఆమె కళ్ళు రాత్రంతా నిద్రలేని కళ్ళు. భయం అందులో ఉన్నది ఉన్నట్టే ఉంది, రవ్వంత కూడా తగ్గలేదు.

పడగ్గదిలో మంచం కిర్రుమంది.

ఆ చప్పుడు ఇద్దరూ విన్నారు. ఫిలోమినా మాత్రం అటు తిరగలేదు. బూట్లు చంకలో ఇరికించుకుంది. చెప్పులు తొడుక్కుంది. తలుపు బార్లా తెరిచి, దగ్గరికి వెయ్యకుండా అలాగే వదిలేసి, మెట్లు దిగి కారు వైపు వెళ్ళిపోయింది.